డౌన్‌హిల్‌లో చేతులు పట్టేస్తున్నాయి, బ్రేకులు వదిలేస్తున్నాయి, ముందు చక్రం జారుతోంది: దేన్ని ముందు సరిచేయాలి?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. రెండేళ్లుగా మామూలు ట్రయల్స్ (అడవి, కొండ దారులు) మీద మౌంటెన్ బైక్ తొక్కుతున్నారు. ఈమధ్య 200 మి.మీ. ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదలగల దూరం) ఉన్న సెకండ్‌హ్యాండ్ డౌన్‌హిల్ బైక్ కొన్నారు. ట్రాక్ సగం దిగేసరికి ముంజేతులు బిగుసుకుపోయి వేళ్లు మాట వినడం లేదు, బ్రేక్ లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది, నిటారు దిగుడులో మలుపు తిప్పితే ముందు చక్రం జారుతోంది. మీ బరువు 78 కిలోలు. జిమ్‌లో బలం పెంచుకోవాలా, పెద్ద బ్రేకులు వేయించాలా, ఇంకో బైక్ చూసుకోవాలా అని అడిగారు.

ఈ మూడూ ఇప్పుడు వద్దు. బ్రేకులు బ్లీడ్ చేయించి (లోపలి పాత ఆయిల్, గాలి తీయించి కొత్త ఆయిల్ నింపించి), లీవర్లు మీ వేలికి సరిపడా జరుపుకోండి. బైక్ మీద నిలబడే తీరు, బ్రేక్ పట్టే చోటు మార్చుకోండి. ఆ తర్వాత టైర్లలో గాలి, ఆ తర్వాతే సస్పెన్షన్. వరుస ఇదే. ఎందుకంటే మీరు చెప్పిన మూడు ఇబ్బందులూ ఒక దాని వెంట ఒకటి వస్తున్నవే. దిగుడు చూడగానే భయంతో ఒళ్లు సీటు వెనక్కి పోతుంది. వెనక్కి పోతే చేతులు చాచుకుపోయి, హ్యాండిల్‌ని పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. వేలాడుతున్న చేతికి బ్రేక్‌ని పట్టి వదిలే నేర్పు ఉండదు, పైనుంచి కింది దాకా సన్నగా లాగుతూనే ఉంటుంది. అక్కడ ముంజేయి బిగుస్తుంది, బ్రేక్ కాగుతుంది, బరువంతా వెనక ఉండటంతో ముందు చక్రం నేలని పట్టుకోదు.

మొదట బ్రేకుల సంగతి. మీరు, బైక్, ఒంటి మీద రక్షణ సామగ్రి కలిపి వంద కిలోలు అనుకుందాం. 500 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 490 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. ఒకటిన్నర లీటర్ల నీళ్లని గది వేడి నుంచి మరిగించడానికి అంత శక్తి సరిపోతుంది. అందులో కొంత గాలి, కొంత టైర్లు, సస్పెన్షన్ తీసుకుంటాయి. మిగిలిందంతా రెండూ కలిపి అరకిలో కూడా తూగని రోటర్లలోకి (చక్రాలతో తిరిగే బ్రేక్ డిస్క్‌లు), వాటిని నొక్కే ప్యాడ్లలోకి వెళ్తుంది. ఈ ఆట పుట్టిందే ఈ వేడితో. 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర మట్టిరోడ్డు మీద పాత సైకిళ్లతో పందేలు మొదలైనప్పుడు, హబ్ (చక్రం నడుమ భాగం) లోపలి బ్రేక్ కాగి గ్రీజు కాలిపోయేది. దిగిన ప్రతిసారీ కొత్త గ్రీజు నింపాల్సి వచ్చేది కాబట్టే ఆ పందేనికి రీప్యాక్ (మళ్లీ నింపడం) అనే పేరు వచ్చింది.

సన్నగా లాగుతూ దిగినా, గట్టిగా పట్టి వదిలినా దిగే ఎత్తు ఒకటే కదా, వేడిలో తేడా ఏముంటుందని చాలామంది అడుగుతారు. తేడా ఉంది. పట్టి వదిలేవాళ్లు మధ్యలో వేగంగా పోతారు, ఆ వేగంలో గాలి ఎక్కువ శక్తిని తీసుకుంటుంది. వదిలిన సమయంలో ప్యాడ్ రోటర్‌ని తాకదు, రోటర్ మీద గాలి వీచి చల్లారుతుంది. లాగుతూనే ఉంటే చల్లారే సందు దొరకదు, వేడి ప్యాడ్ వెనక పిస్టన్‌లోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి ఎక్కుతుంది.

బ్రేక్ ఎలా వదిలేస్తోందో గమనించండి, అందులోనే కారణం ఉంది. లీవర్ గట్టిగానే ఉండి బైక్ మాత్రం ఆగకపోతే, ప్యాడ్ తన వేడి హద్దు దాటింది, లేదా దాని ముఖం మాడి నున్నగా మెరుస్తోంది. లీవర్ మెత్తబడి హ్యాండిల్‌ దాకా వస్తే, ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడే లీవర్ లోపలికి వచ్చి, రెండు మూడు సార్లు నొక్కితే గట్టిపడుతుంటే, లైన్‌లో గాలి ఉంది లేదా ప్యాడ్లు అరిగాయి. మీరు చెప్పింది రెండో రకం. సెకండ్‌హ్యాండ్ బైక్‌లో పాత ఆయిల్ ఉంటే ఇది మామూలే.

లీవర్ మీద ఆయిల్ ఉండే డబ్బా మూతపై ఏ ఆయిలో రాసి ఉంటుంది: డాట్ 4, డాట్ 5.1, లేదా మినరల్ ఆయిల్. డాట్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టిన దానికి ఆ హద్దు 180 మాత్రమే. డాట్ 4కి అవి 230, 155. మినరల్ ఆయిల్ తేమని కలుపుకోదు, కానీ లోపలికి చేరిన నీటి చుక్క బరువుకి కిందికి దిగి, అన్నిటికంటే వేడెక్కే, ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్‌లోనే కూర్చుంటుంది. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే సీళ్లు ఉబ్బి బ్రేక్ మొత్తం పాడవుతుంది. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 కొనకండి, అది సిలికాన్ ఆయిల్.

బ్లీడ్ చేసేటప్పుడు చక్రం తీయండి, ప్యాడ్లు బయటికి తీసి దూరంగా పెట్టండి, వాటి చోట కాలిపర్‌లో బ్లీడ్ బ్లాక్ అనే ముక్క పెట్టండి, పిస్టన్లు బయటికి రాకుండా. ఆయిల్ డబ్బా నేలకి సమాంతరంగా వచ్చేలా లీవర్ తిప్పండి. కాలిపర్ వైపు సిరంజితో కొత్త ఆయిల్ పైకి తోస్తూ, కాలిపర్‌నీ గొట్టాన్నీ స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. అతుక్కుని ఉన్న బుడగలు అప్పుడే కదులుతాయి. డాట్ ఆయిల్ పెయింట్‌నీ చర్మాన్నీ తింటుంది, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ప్యాడ్‌కి ఆయిల్ అంటితే కాల్చి, గీకి వాడాలని చూడకండి, కొత్తవి వేయండి. రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్యాడ్ పదార్థం అర మిల్లీమీటరుకి వస్తే మార్చేయాలి. రోటర్ కనీస మందం చాలా రకాల్లో రోటర్ మీదే చెక్కి ఉంటుంది. వెర్నియర్‌తో కొలిచి చూడండి, అంతకంటే పలచనైతే అది వేడిని తట్టుకోలేదు.

కొత్త ప్యాడ్లు వేశాక నేరుగా ట్రాక్ ఎక్కొద్దు. చదునైన చోట ఓ మాదిరి వేగం అందుకుని నడక వేగం దాకా తగ్గించడం, ఇలా ఒక ఇరవై సార్లు. తర్వాత ఇంకాస్త వేగంతో పది సార్లు. ముందు, వెనక విడివిడిగా చేయాలి. చక్రం లాక్ కాకూడదు, పూర్తిగా ఆగకూడదు. ప్యాడ్ పదార్థం రోటర్ మీద సమంగా పరుచుకోవడానికే ఇదంతా. ఆగిపోతే ఆ చోట మచ్చ పడి, తర్వాత బ్రేక్ వణుకుతుంది. డౌన్‌హిల్‌కి సింటర్డ్ మెటల్ ప్యాడ్లు నా మొదటి ఎంపిక. ఆర్గానిక్ ప్యాడ్ మొదటి పట్టు మెత్తగా ఉంటుంది గానీ పొడవైన దిగుడులో ముందుగా చేతులెత్తేస్తుంది. అయితే కొన్ని రోటర్ల మీద రెసిన్ (అంటే ఆర్గానిక్) ప్యాడ్లకి మాత్రమే అని రాసి ఉంటుంది, వాటి మీద మెటల్ ప్యాడ్ వేయకూడదు.

ఇక లీవర్. ఒక్క చూపుడు వేలే బ్రేక్ మీద ఉండాలి, మిగతా మూడు వేళ్లూ గ్రిప్‌ని పట్టుకోవాలి. ఆ వేలి కొస లీవర్ చివరి వంపులో పడేదాకా క్లాంప్‌ని లోపలికి జరపండి. లీవర్ మధ్యలో వేలు పడితే అదే పట్టుకి ఎక్కువ బలం ఖర్చవుతుంది, ముంజేయి అలసటలో దీనికి పెద్ద వాటా ఉంది. తర్వాత, లీవర్‌కీ హ్యాండిల్‌కీ మధ్య దూరం మార్చే రీచ్ స్క్రూతో, ప్యాడ్ రోటర్‌ని పట్టే క్షణంలో వేలు సగం ముడుచుకుని ఉండేలా చూసుకోండి. పట్టు మరీ బయట దొరికితే అరచేయి తెరుచుకుంటుంది, మరీ లోపల దొరికితే మిగతా వేళ్లు నలుగుతాయి. కోణం విషయంలో, ట్రయల్ బైక్ కంటే లీవర్ కాస్త పైకి ఉండాలి. నేలకి సమాంతరం నుంచి 20 డిగ్రీలు కిందికి పెట్టి మొదలుపెట్టండి. దిగుడులో మణికట్టు వెనక్కి విరగకుండా, ముంజేయి నుంచి వేలి దాకా ఒకే గీతలో ఉంటే సరిపోయినట్టు.

ఇప్పుడు అసలు విషయం, ఒంటి బరువు. "దిగుడులో వెనక్కి వెళ్లు" అనే సలహా పాత బైకుల నాటిది. అప్పుడు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కాళ్లు) నిటారుగా, ముందు చక్రం రైడర్ కిందే ఉన్నట్టు ఉండేది. ఇప్పటి డౌన్‌హిల్ బైక్‌కి హెడ్ యాంగిల్ (ఫోర్క్ వైపు ఫ్రేమ్ నేలతో చేసే కోణం) సుమారు 62 నుంచి 64 డిగ్రీలు. ముందు చక్రం మీకు చాలా దూరంగా ఉంటుంది. దాని మీద బరువు పడాలంటే మీరే ముందుకి రావాలి. సీటు వెనక వేలాడితే ఫోర్క్ సగం కూడా పనిచేయదు, టైర్ ముళ్లు మట్టిలోకి దిగవు, తిప్పగానే జారుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. హ్యాండిల్ మీంచి ముందుకి పడిపోతామనే కదా వెనక్కి పోతారు. కానీ వెనక్కి పోయినప్పుడు మోచేతులు పూర్తిగా చాచుకుని ఉంటాయి. ముందు చక్రం గుంటలోకో, మెట్టు కిందికో దిగగానే చాచడానికి చెయ్యి మిగలదు, హ్యాండిల్ మిమ్మల్ని ముందుకి లాగేస్తుంది. తప్పించుకోవాలనుకున్న పడటం అలాగే జరుగుతుంది.

సరైన నిలుపు ఇది: పెడళ్లు నేలకి సమాంతరం, మడమలు కిందికి, బరువంతా పాదాల మీద. నడుము దగ్గర వంగాలి, మోకాళ్ల దగ్గర కూర్చోకూడదు. తుంటి వెనక్కి, ఛాతీ కిందికి, గడ్డం సుమారుగా స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) మీదకి. మోచేతులు వంచి బయటికి. మడమ ఎందుకంటే, బ్రేక్ పట్టినప్పుడు ఒళ్లు ముందుకి తోసుకొస్తుంది. మడమ కిందికి ఉంటే ఆ తోపు పెడల్‌లోకి దిగుతుంది, లేకపోతే అరచేతుల్లోకి వస్తుంది. సరిగ్గా నిలబడ్డారో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష: బ్రేక్ పట్టని నున్నటి చోట వేళ్లని ఒక క్షణం వదులు చేసి, పియానో మీద ఆడించినట్టు ఆడించండి. ఒళ్లు వెనక్కో ముందుకో పడబోతే బరువు ఇంకా చేతుల మీదే ఉంది. మెట్టు దిగే ఆ ఒక్క క్షణంలో బైక్‌ని ముందుకి తోస్తూ తుంటి వెనక్కి వెళ్లడం సరైనదే, దిగగానే మళ్లీ మధ్యకి రావాలి. అక్కడే ఉండిపోవడమే తప్పు.

బ్రేక్ పట్టే చోటు కూడా మార్చాలి. బైక్ నిటారుగా, నేల నున్నగా ఉన్నచోట రెండు బ్రేకులూ గట్టిగా పట్టండి; మలుపులో, వేర్ల మీద, వదులు రాళ్ల మీద వదిలేయండి. టైర్‌కి ఉన్న పట్టు ఒకటే, అది ఆపడానికీ తిప్పడానికీ పంచుకోవాలి. వంగి తిరుగుతున్నప్పుడు ముందు బ్రేక్ పడితే తిప్పడానికి ఏమీ మిగలదు. పైగా బ్రేక్ పట్టినంతసేపూ ఫోర్క్ కుంగి ఉంటుంది, ఆ సమయంలో రాయి తగిలితే మింగడానికి ట్రావెల్ తక్కువ, ఆ దెబ్బంతా చేతులకే. తడి వేర్ల మీద వెనక బ్రేక్ కూడా వద్దు. వేరుకి అడ్డంగా, వీలైనంత లంబకోణంలో దాటండి.

దీన్ని మొత్తం ట్రాక్ మీద ఒకేసారి సాధన చేయలేరు. రెండు మూడు వందల మీటర్ల ముక్క ఎంచుకుని, నడిచి చూసి, బ్రేక్ పట్టే చోట్లు మూడో నాలుగో నిర్ణయించుకోండి: ఒక చెట్టు, ఒక రాయి, ఏదైనా గుర్తు. వాటి మధ్య వేలు లీవర్ మీదే ఉంటుంది, కానీ నొక్కదు. వేగం భయపెడితే మొదటి గుర్తు దగ్గరే ఎక్కువ తగ్గించుకోండి, మధ్యలో లాగకండి. ముక్క కుదిరాక పక్క ముక్క. కాపాడుకున్న వేగానికి ఎంత విలువుందో చూడాలంటే 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో జరిగిన డౌన్‌హిల్ వరల్డ్ కప్ రేసు చాలు: అమెరికన్ రేసర్ ఆరోన్ గ్విన్ స్టార్ట్‌లోనే చైన్ తెగిపోయి, ఒక్క పెడల్ తొక్కకుండా ఆ రేసు గెలిచాడు.

టైర్లు. మీ బరువుకి, రెండు పొరల డౌన్‌హిల్ కేసింగ్ (టైర్ లోపలి గుడ్డ) ఉన్న 2.4 నుంచి 2.5 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్ అయితే ముందు 23, వెనక 26 పీఎస్ఐతో మొదలుపెట్టండి. మలుపులో టైర్ మెలితిరిగినట్టో, రిమ్ రాయికి టంగుమని తగిలినట్టో అనిపిస్తే ఒక్కొక్క పీఎస్ఐ పెంచండి. వేర్ల మీద బంతిలా ఎగిరితే ఒక్కొక్కటి తగ్గించండి. పంపు మీది మీటర్‌ని నమ్మొద్దు, చిన్న డిజిటల్ గేజ్ ఒకటి కొనుక్కోండి. 2 పీఎస్ఐ తేడాకే బైక్ వేరేలా నడుస్తుంది. ట్రయల్ టైర్ల పలచని కేసింగ్ మీద ఈ అంకెలు పనికిరావు, రిమ్ పగులుతుంది. రబ్బరు ముందు మెత్తనిది, వెనక కాస్త గట్టిది వేయడం మంచి అలవాటు. సీలెంట్ (టైర్ లోపల చిల్లులు పూడ్చే ద్రవం) ఎండిపోయిందేమో కూడా చూడండి, సెకండ్‌హ్యాండ్ బైకుల్లో తరచుగా ఎండిపోయే ఉంటుంది.

సస్పెన్షన్‌లో మీరు చేయాల్సింది సాగ్ (మీ బరువుకే సస్పెన్షన్ కుంగే దూరం), రీబౌండ్ (కుంగినది తిరిగి లేచే వేగం), ఈ రెండే. మిగతా నాబ్‌లు ప్రస్తుతానికి మధ్యలో ఉంచండి. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు అన్నీ వేసుకుని, పెడళ్ల మీద నిలబడి సాగ్ కొలవండి, సీటు మీద కూర్చుని కాదు. ఫోర్క్ సుమారు 20 శాతం, అంటే 200 మి.మీ.లో 40 కుంగాలి. వెనక షాక్ 30 శాతం; షాక్ స్ట్రోక్ (షాక్ తాను కుంగగల దూరం) 75 మి.మీ. అయితే 22 లేదా 23. చక్రం ట్రావెల్‌నీ షాక్ స్ట్రోక్‌నీ కలిపేసుకోకండి, ఈ పొరపాటు చాలామంది చేస్తారు. గాలి ఫోర్క్ అయితే గాలి కొట్టాక పదిసార్లు లోతుగా నొక్కి లోపలి రెండు గదులూ సమం చేసి, మళ్లీ గేజ్ పెట్టి చూడండి. వెనక కాయిల్ స్ప్రింగ్ ఉంటే దాని రేటు (గట్టిదనం) స్ప్రింగ్ మీదే రాసి ఉంటుంది. పాత యజమాని బరువుకి వేసింది మీకు సరిపడకపోవచ్చు. స్ప్రింగ్‌ని బిగించే కాలర్ రెండు చుట్లకంటే ఎక్కువ బిగిస్తేగానీ సాగ్ రాకపోతే స్ప్రింగే మార్చాలి.

రీబౌండ్‌కి చేతుల నొప్పితో నేరుగా సంబంధం ఉంది. అది మరీ నెమ్మదిగా ఉంటే, వరుసగా రాళ్లు తగిలినప్పుడు ఫోర్క్ ఒక దెబ్బ నుంచి లేచేలోపు రెండోది తగులుతుంది. మెట్టు మెట్టుగా కుంగి, చివరికి గట్టి ఫోర్క్ అయిపోతుంది. రైడర్‌కి మాత్రం "ఫోర్క్ గట్టిగా ఉంది" అనిపించి గాలి తగ్గిస్తాడు, దాంతో ఇంకా కుంగుతుంది, బరువు ఇంకా చేతుల మీదకి వస్తుంది. కాబట్టి రాళ్ల వరుసలో మొదటి రెండు దెబ్బలు మెత్తగా, తర్వాతవి మోటుగా అనిపిస్తే గాలి ముట్టుకోకుండా రీబౌండ్ రెండు క్లిక్కులు వేగంగా పెట్టండి. జంప్ అంచున వెనక భాగం తన్నినట్టు ఎగిరితే వెనక రీబౌండ్ రెండు క్లిక్కులు నెమ్మదించండి. పాత బైక్ కాబట్టి ఫోర్క్ లోయర్లు (కింది గొట్టాలు) విప్పి ఆయిల్, ఫోమ్ రింగులు చూడండి. 50 గంటల వాడకానికి ఒకసారి ఈ పని ఉంటుందనుకోండి. ఎండిన సీళ్లతో ఏ సెట్టింగ్ కుదరదు.

గ్రిప్ మందం కూడా చూడండి. మీ వేళ్ల కొసలు అరచేతికి గుచ్చుకుంటే గ్రిప్ సన్నం, బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పెద్ద ఖాళీ ఉంటే మందం. రెండూ ముంజేతిని అలసిపోయేలా చేస్తాయి.

జిమ్ గురించి: పిడికిలి నొక్కే పరికరాలతో పెద్దగా లాభం ఉండదు. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) నియమాల్లో డౌన్‌హిల్ రేసు రన్ 2 నుంచి 5 నిమిషాలు. అంతసేపు నడుము వంచి తొడల మీద నిలబడగలగాలి. కాళ్లు అలిసినప్పుడే చేతులు పని ఎత్తుకుంటాయి. డెడ్‌లిఫ్ట్, రోయింగ్, స్క్వాట్ చాలు.

రక్షణ విషయంలో ఫుల్‌ఫేస్ హెల్మెట్ మీద రాజీ లేదు. లోపల ఏఎస్‌టీఎమ్ ఎఫ్1952 అనే ముద్ర ఉందో లేదో చూడండి, అది డౌన్‌హిల్ కోసం పెట్టిన ప్రమాణం. సెకండ్‌హ్యాండ్ బైక్‌తో వచ్చిన హెల్మెట్ వాడకండి. లోపలి నురుగు ఒకసారి నలిగితే తిరిగి పనికిరాదు, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. తలకి దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, జరిగింది గుర్తులేకపోయినా ఆ రోజుకి బైక్ దిగిపోవాలి, డాక్టర్‌కి చూపించుకోవాలి.

చేతుల గురించి చివరిగా ఒకటి. ముంజేయి బిగుసుకోవడం ఆగి విశ్రాంతి తీసుకుంటే కొద్ది నిమిషాల్లో వదలాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అది వేరే సమస్య, అరచేతి అంచున నరం నొక్కుకుంటోంది. గ్రిప్ మార్చి, బార్ కోణం కాస్త తిప్పి చూడండి. ఇవన్నీ సరిచేశాక కూడా ప్రతి రన్‌లోనూ ముంజేయి అదే చోట గట్టిపడి, వేళ్లలో బలం పోతుంటే స్పోర్ట్స్ డాక్టర్‌ని కలవండి. కండరాన్ని చుట్టి ఉన్న పొర లోపల ఒత్తిడి పెరిగే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అనేది ఒకటుంది. మోటార్‌సైకిల్ రేసర్లలో కొందరు దానికి ఆపరేషన్ కూడా చేయించుకుంటారు. సెట్టింగులతో తగ్గేది కాదు అది, కండరం లోపలి ఒత్తిడిని కొలిచి నిర్ధారిస్తారు.